డబ్బాలో ఎక్కువైన డబ్బు

జూన్ 2, సోమవారం

ఈ పుస్తకం ఖర్చులు రాయడానికి మాత్రమే. బ్యాంకులో మూడో కిటికీ దగ్గర కూర్చునే కళ్ళద్దాల అమ్మాయి చెప్పింది, నెల రోజులపాటు టీ తాగినా సరే రాయమని, అప్పుడు డబ్బు ఎటు పోతోందో నాకే తెలుస్తుందని. ఎటు పోతోందో తెలియక కాదు. వాళ్ళ బ్యాంకుకే పోతోంది. కానీ పిల్ల మర్యాదగా చెప్పింది కదా అని వచ్చే దారిలో కొన్నాను.

పుస్తకం – 40. బస్సు – 20. టీ – 10.

ఇన్ని ఖాళీ పేజీలు కనిపిస్తుంటే చెయ్యి ఊరుకోవడం లేదు. ఎవరికీ చెప్పని సంగతి కాగితానికి చెప్తే అదేమీ తిరిగి అడగదు. రాసేస్తాను.

రెండేళ్ళ కిందట తమ్ముడు ఫోన్లు బాగుచేసే షాపు పెడతానంటే నా పేరు మీద మూడు లక్షలు అప్పు తీసి ఇచ్చాను. నెలకు పదివేల రెండొందల యాభై తనే కట్టుకుంటానన్నాడు. పదకొండు నెలలు కట్టాడు కూడా. తరువాత షాపు మూసేశాడు, ఫోన్ ఎత్తడం మానేశాడు. ఫోన్లు బాగుచేసేవాడు ఫోన్ ఎత్తకపోవడమేమిటో. అక్కణ్ణుంచి పన్నెండు నెలలు నేను కట్టాను. జీతం చాలక కార్డు గీకాను. కార్డు మీద ఇప్పుడు అరవై ఏడు వేలు, అది కూడా దాదాపు నిండిపోయింది. రెండు నెలలుగా కంతు తప్పింది. ఈ నెల ఇరవయ్యో తారీఖులోగా ఆ రెండు కంతులూ, ఆలస్యానికి వేసిందీ కలిపి ఇరవై రెండు వేలు కట్టాలి. కట్టకపోతే బ్యాంకు మనిషి ఇంటికి వస్తాడట. కళ్ళద్దాల అమ్మాయి ఆ మాట చెప్పేటప్పుడు నా ముఖం చూడలేదు.

ఉత్తరాలన్నీ నేను పనిచేసే కట్టుడుపళ్ళ ల్యాబు అడ్రసుకే రమ్మని రాయించాను కాబట్టి ఇప్పటిదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎవరికీ అంటే ఆయనకి. అత్తగారికి తెలియని సంగతి ఈ ఇంట్లో ఏదైనా ఉందా అన్నది వేరే ప్రశ్న.

జూన్ 3, మంగళవారం

ఖర్చు – సున్నా.

(బస్సు – 20. మర్చిపోయాను.)

(పళ్ళరసం – 30. ఎండ మండిపోతోంది. దాన్ని ఖర్చనరు.)

జూన్ 5, గురువారం

బస్సు – 20. కార్డుకి కనీసం కట్టాల్సింది – 3,400.

ఆ మూడు వేల నాలుగొందలు కట్టడానికి మధ్యాహ్నం బ్యాంకుకి వెళ్ళాను. తలుపు తీసుకుని లోపలికి అడుగు పెడితే ఎదురుగా ఆయన. మూడో కిటికీ దగ్గర నుంచి ఇటు తిరుగుతున్నారు, చేతిలో మడతపెట్టిన కాగితం. నన్ను చూడగానే ఆ కాగితం జేబులోకి వెళ్ళిపోయింది.

చిల్లర కోసం వచ్చానన్నారు. మా ఓనరు పాసుపుస్తకంలో లెక్కలు వేయించమన్నాడు, అందుకొచ్చానన్నాను. సరే అన్నారు. సరే అన్నాను. పరాయివాళ్ళలా ఒకరికొకరం దారిచ్చుకున్నాం.

ఎవరూ ఏమీ అడగలేదు. అడగకూడదు. అది మా ఇంటి రూలు, పెట్టింది నేనే. పెళ్ళైన మొదటి నెలలోనే ఒక బిస్కెట్ల డబ్బా వంటింట్లో పెట్టి చెప్పాను: ఒకటో తారీఖున ఇంటి ఖర్చుకి మీరు సగం, నేను సగం ఇందులో వేద్దాం. తీసినవాళ్ళు చీటీ రాసి పెడదాం. మిగిలింది ఎవరిది వాళ్ళది, ఎంతుందనీ ఏం చేశావనీ అడగొద్దు. మా అమ్మ సబ్బుబిళ్ళకి కూడా గుమ్మం దగ్గర నిలబడి నాన్నని అడిగేది. నాన్న చెప్పులు తొడుక్కుంటూ "మొన్ననే ఇచ్చాను కదా" అనేవాడు. అప్పటికి నాకు పదేళ్ళుండవు. నేను మాత్రం ఎవర్నీ అడగనని ఆ గుమ్మం దగ్గరే అనుకున్నాను. ఈయన నవ్వి ఒప్పుకున్నారు. పంతొమ్మిదేళ్ళయింది, ఇప్పుడు నా సగం పదకొండు వేలు. ఒక్క నెల కూడా తప్పలేదు.

చిల్లర కోసమైతే కాగితమెందుకు?

జూన్ 6, శుక్రవారం

బస్సు – 20.

ఆయన బూటు అడుగు ఊడింది. పొద్దున చూశాను, జిగురు పూసి, పైన ఇటుక పెట్టి వరండాలో ఆరబెట్టారు. లిఫ్టులు బాగుచేసే మనిషి, రోజంతా మెట్లెక్కాలి, కొత్త బూట్లు కొనుక్కోవచ్చు కదా. ఇంకోటి కూడా గుర్తొచ్చింది. మూడు వారాలుగా బస్సెక్కకుండా నడిచి వెళ్తున్నారు. ఆరోగ్యం కోసమన్నారు.

ఆరోగ్యం కాదు. ఆయనకీ అప్పుంది. నాకు తెలుసు ఆ నడక. నేను నడిచిన నడకే అది.

జూన్ 7, శనివారం

ఆయనకి ఎంత అప్పుందో. అడగడానికి లేదు. అడిగితే ఆయన కూడా అడుగుతారు.

కార్డులోంచి వెయ్యి తీసి డబ్బాలో వేశాను. సామాను తెచ్చినప్పుడు ఆయన చేతి డబ్బు పడకుండా ఉంటుంది. వెయ్యికి నెలకు ముప్పై అయిదు వడ్డీ. ముప్పై అయిదు అంటే మూడు టీలు, అంతే కదా.

జూన్ 8, ఆదివారం

డబ్బా లెక్కపెట్టాను. చీటీల ప్రకారం, నేను వేసిన వెయ్యితో కలిపి, పదిహేడు వేల మూడొందలు ఉండాలి. పద్దెనిమిది వేల మూడొందలు ఉన్నాయి. రెండుసార్లు లెక్కపెట్టాను. పనిలో మైనంతో చిగుళ్ళు కట్టేటప్పుడు వెంట్రుకంత తేడా కనిపెట్టే కళ్ళు ఇవి, డబ్బు దగ్గరికొచ్చేసరికి మసకబారుతున్నాయి. ఏదో చీటీ రెండుసార్లు రాసి ఉంటాను.

అత్తగారు వంటింటి గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని నన్నే చూస్తోంది. కట్టుడుపళ్ళు గిన్నెలో ఉన్నాయి కాబట్టి ఏమీ అనలేదు.

జూన్ 10, మంగళవారం

బస్సు – 40. కోపం – ఎంత రాయాలో తెలియదు.

తమ్ముడి ఇంటికి వెళ్ళాను. తలుపు తీసి నన్ను చూసి పక్కకి తప్పుకున్నాడు. వాళ్ళావిడ మంచినీళ్ళిచ్చి లోపలికి వెళ్ళిపోయింది, పాపం ఆ పిల్ల తప్పేముంది. వాడిప్పుడు ఎవరి షాపులోనో జీతానికి చేస్తున్నాడట. ఇంకా మొదటి జీతం రాలేదట. "వచ్చే నెల నుంచి కొంచెం కొంచెం ఇస్తానక్కా" అన్నాడు. నిరుడు కూడా ఇదే మాట, ఇదే కుర్చీలో కూర్చుని. తిట్టాలని వెళ్ళాను. వాడి చొక్కా కాలరు తిరగేసి కుట్టి ఉంది. తిట్టలేకపోయాను, అందుకు నా మీద నాకే మంటగా ఉంది. లేచి వచ్చేస్తుంటే వెనకాలే వచ్చి నా చేతిలో ఒక ఛార్జరు పెట్టాడు. కొత్తదే, మంచి కంపెనీది అన్నాడు.

మూడు లక్షలకి ఒక ఛార్జరు.

జూన్ 12, గురువారం

ఓనరు పిలిచి కూర్చోబెట్టాడు. కూర్చోమన్నాడంటేనే మంచి మాట కాదు. పళ్ళ డాక్టర్లు ఇప్పుడు నోటి అచ్చులు మాకు పంపకుండా మిషను మీద పళ్ళు చెక్కే పెద్ద ల్యాబుకి పంపుతున్నారు. పని సగానికి పడిపోయిందని నాకూ తెలుసు, ఇరవై నాలుగు వేల జీతం మార్చి నుంచి పంతొమ్మిదయింది. ఇప్పుడు ఈ బిల్డింగు ఖాళీ చేసి నెలాఖరుకి తన ఇంటి వెనక గదిలోకి మారుతున్నాడు. నన్ను తీసెయ్యడట. పూర్తి పళ్ళ సెట్టు చేతితో కట్టడం ఇంకా మిషనుకి సరిగ్గా రాలేదట, నువ్వుండాలి అన్నాడు. ఆ మాటకి సంతోషపడేలోపే ఒక కవరు చేతిలో పెట్టాడు. బ్యాంకుది. "ఇక ఈ అడ్రసు ఉండదమ్మా, ఇంటి అడ్రసు ఇచ్చుకో" అన్నాడు. లోపల ఏముందని అడగలేదు. అడగని మనుషులే దొరుకుతారు నాకు.

బస్సు – 20. టీ – ఓనరు ఇప్పించాడు.

జూన్ 14, శనివారం

ఇంకా ఆరు రోజులు.

బంగారం కొట్లో ఉంగరం తూకం వేయించాను. తొమ్మిది వేలు వస్తాయన్నాడు. ఇరవై రెండుకి తొమ్మిది. వేలికి ఉంగరం లేకపోతే ఆయన చూస్తారు, చూసి ఊరుకుంటారు. ఊరుకుంటారని నాకెలా తెలుసంటే కిటికీ కింద ఉండే నా కుట్టుమిషను అమ్మినప్పుడు కూడా ఊరుకున్నారు. ఆరేళ్ళ కిందట ల్యాబు రెండు నెలలు మూతపడినప్పుడు నా సగం వేయడానికి దాన్ని అమ్మేశాను. గోడ మీద దాని వెనక రంగు వెలవని చోటు అలాగే మిగిలిపోయింది. మిషను ఏదని ఆయన ఒక్క మాట అడగలేదు. రూలు అంత బాగా పనిచేస్తోంది మా ఇంట్లో.

ఆయనకి చెప్తే ఏమవుతుంది? ఏమీ అనరు. తిట్టే మనిషయితే ఎప్పుడో చెప్పేదాన్ని.

ఉంగరం ఇంకా వేలికే ఉంది. డబ్బాలో ఇంకో అయిదొందలు వేశాను. ఎందుకు వేశానో అడగొద్దు.

జూన్ 15, ఆదివారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

భోజనాలయ్యాక అత్తగారు లేచి గిన్నె దగ్గరికి వెళ్ళి పళ్ళు పెట్టుకుంది. నేను చేసిన పళ్ళే. అచ్చు తీసేటప్పుడు ఆవిడ ఊరుకోకుండా మాట్లాడింది, అందుకే కింది వరుస కాస్త వదులు. భోజనం కూడా అవి లేకుండానే కానిచ్చేస్తుంది. పెట్టుకుందంటే ఎవరికో మూడిందన్నమాట.

డబ్బా తనే దించి మా ఇద్దరి మధ్యా బల్ల మీద పెట్టింది. లెక్కపెట్టమంది. ఆయన కదల్లేదు, నేనూ కదల్లేదు. ఆవిడే మూత తీసి నోట్లు బల్ల మీద పోసింది, చీటీలు పక్కన పేర్చింది. నాలుగు వేలు ఎక్కువ ఉన్నాయి.

"నేను రోజంతా ఈ కుర్చీలోనే ఉంటాను. మీకు కనబడనేమో గానీ నాకు మీరు కనబడతారు," అంది. వాడు వెయ్యి వేశాడు, నువ్వు వెయ్యి వేశావు. మొన్న వాడు ఇంకో పదిహేను వందలు వేశాడు, నిన్న నువ్వు అయిదొందలు. ఇది హుండీయా, ఇల్లా అంది. మీ రూలు మీ ఇద్దరిది, నేను అందులో లేను కాబట్టి నేను అడుగుతానంది. పంతొమ్మిదేళ్ళలో ఆ మాట ఎవరికీ తోచలేదు.

"ఎందుకు వేశావురా?"

ఆయన నా వైపు చూడకుండా, "తన దగ్గర లేవేమోనని," అన్నారు.

"నువ్వెందుకు వేశావమ్మాయ్?"

"ఆయన దగ్గర లేవేమోనని."

"అయితే ఇప్పుడు చెప్పండి. ఎవరి దగ్గర లేవు?"

కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. నీళ్ళు నమలడం నాకు బాగా చేతనవును, ఇన్ని నెలలుగా అదే పని. కానీ ఆయన తలెత్తి చూశారు. ఆ ముఖంలో అనుమానం లేదు, భయం ఉంది. నాకేదో పెద్ద జబ్బు వచ్చిందేమోనన్న భయం.

"నా దగ్గర," అన్నాను.

అక్కణ్ణుంచి ఆగలేదు. తమ్ముడు, మూడు లక్షలు, పదకొండు నెలలు, పన్నెండు నెలలు, కార్డు, ఇరవయ్యో తారీఖు, బ్యాంకు మనిషి, ల్యాబుకొచ్చే ఉత్తరాలు, ఛార్జరు. ఛార్జరు కూడా చెప్పాను, ఎందుకో. మొత్తం చెప్పాక చూస్తే అంతా కలిపి పది నిమిషాలు పట్టలేదు. పద్నాలుగు నెలలు మోసింది పది నిమిషాల మాట.

ఆయన ఏమీ అనకుండా లేచి గదిలోకి వెళ్ళారు. అదిగో, ఏమీ అనలేదు, అనుకున్నాను. కుర్చీ మీద నిలబడి బీరువా పైనుంచి ఏదో దించుతున్న చప్పుడు. ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి నోట్ల పక్కన పెట్టారు. అందులో డిపాజిట్ కాగితం. రెండు లక్షల యాభై ఎనిమిది వేలు. నా బ్యాంకే. నా కిటికీయే.

ముందు నాకు కోపం వచ్చింది. నిజమే రాస్తున్నాను, ముందు కోపమే వచ్చింది. ఊడిన బూటుకి జిగురు పూసుకుంటూ రెండున్నర లక్షలు బీరువా మీద పెట్టుకున్న మనిషిని ఏమనాలి? మరి ఆ నడకేమిటని అడిగాను. నీ బ్యాగు చూశాను అన్నారు. నా బ్యాగు పట్టీ తెగితే ల్యాబులో పళ్ళ సందులు శుభ్రం చేసే దారంతో కుట్టుకున్నాను. తెల్ల దారం, నల్ల పట్టీ, దూరానికి కూడా కనబడుతుంది. అది చూసి నా దగ్గర డబ్బులు అయిపోయాయని తెలిసిందట. డిపాజిట్ ముట్టుకోకుండా బస్సు డబ్బులు, బూట్ల డబ్బులు మిగిల్చి డబ్బాలో వేస్తున్నారట.

అప్పుడు నవ్వు వచ్చింది. తరువాత ఏడుపు. అత్తగారు పళ్ళు తీసి గిన్నెలో వేసేసింది. ఆవిడ చెప్పాల్సింది అయిపోయింది.

జూన్ 16, సోమవారం

తొమ్మిది గంటలు నిద్రపోయాను. బస్సు – 20.

జూన్ 17, మంగళవారం

ఇద్దరం కలిసి బ్యాంకుకి వెళ్ళాం. కళ్ళద్దాల అమ్మాయి ముందు ఆయనకి నమస్కారం పెట్టింది, తరువాత నాకు పెట్టింది, తరువాత ఇద్దర్నీ కలిపి చూసింది. ఆయన కాగితం, నా కాగితం పక్కపక్కన పెట్టుకుని అడ్రసులు చదివింది. పెదవులు కదుపుతూ చదివింది పాపం.

"మీరిద్దరూ ఒకే ఇల్లా?" అంది.

ఒకే ఇల్లు, ఒకే వంటిల్లు అన్నారాయన. ఆ పిల్ల కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఈ నెల అయిదో తారీఖున సార్ వచ్చి డిపాజిట్ మధ్యలో తీస్తే ఎంత పోతుందని అడిగారట. ఏటా ఆరు శాతం వస్తోంది, తొందరేముంది సార్, ఉంచండి అని తనే చెప్పి పంపిందట. అయిదు నిమిషాల తరువాత నేను వెళ్ళి నెలకు మూడున్నర చొప్పున వడ్డీ పడే కార్డుకి కనీసం కట్టి వచ్చాను, దానికీ తనే రసీదు ఇచ్చింది. ఇలా ఎడమ చేత్తో అప్పు తీసుకుంటూ కుడి చేత్తో డిపాజిట్ వేసే ఇంటిని తను ఇంతవరకూ చూడలేదంది. మా బ్యాంకుకి మీలాంటివాళ్ళు ఇంకో పదిమంది చాలు మేడమ్ అంది. పక్క కిటికీ ఆయన కూడా నవ్వాడు. నాకు సిగ్గేసింది గానీ బాధ వేయలేదు.

డిపాజిట్ మధ్యలో తీసినందుకు అయిదు వేలు కోసుకున్నారు. చేతికొచ్చింది రెండు లక్షల యాభై మూడు వేలు. అప్పు మొత్తం తీర్చడానికి లక్షా ఇరవై ఎనిమిది వేలు, కార్డుకి అరవై ఏడు వేలు. కత్తెర అడిగి కార్డు నేనే రెండు ముక్కలు చేశాను. అప్పు తీరిందని రాసి ముద్ర వేసిన కాగితం ఇచ్చారు. ఆ ముద్ర ఇంకా తడిగా ఉంది, ఆరేదాకా చేత్తో పట్టుకునే ఉన్నాను.

మిగిలింది యాభై ఎనిమిది వేలు. నెల నెలా కొంచెం మ్యూచువల్ ఫండులో వేయండి, పదేళ్ళలో పెరుగుతుంది అంది ఆ పిల్ల. ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు చేతి కింద ఉండాలి, తరువాతే పెరగడాలు అన్నాను. నా నోటి నుంచేనా ఈ మాట అనిపించింది. మంచి మాటే మేడమ్ అని ఆ యాభై ఎనిమిది వేలూ ఇద్దరి పేర్ల మీదా వేసింది. సంతకం పెట్టే చోట రెండు గీతలున్నాయి, ఒకటి ఆయనకి, ఒకటి నాకు.

నడిచే వచ్చాం. ఈసారి నిజంగానే ఆరోగ్యం కోసం. దారిలో అడిగాను, ఇదంతా దేనికోసం దాచారని. ఏదైనా కొనాలనా, పని మానేద్దామనా అని. మలుపు దగ్గర, రోడ్డు దాటడానికి ఆగినప్పుడు చెప్పారు.

"కుట్టుమిషను కనబడకుండా పోయిన నెల, నీ సగం డబ్బాలో పడింది. నేను నిన్ను అడగలేదు. అడగకూడదు కదా. ఆ నెల నుంచే బ్యాంకులో నెలకు మూడు వేలు వేశాను. మళ్ళీ ఎప్పుడైనా నీ పని ఆగిపోతే, నీ సగం నేనే వేసేద్దామని. నువ్వు అడగక్కర్లేకుండా."

బస్సు వెళ్ళిపోయింది, ఆటోలు వెళ్ళిపోయాయి, రోడ్డు ఖాళీ అయింది. మేం దాటలేదు. ఆరేళ్ళు. గోడ మీద ఆ రంగు వెలవని చోటు రోజూ చూస్తూ నేను ఆయన పట్టించుకోలేదనుకున్నాను. ఆయన రోజూ చూస్తూ నెలకు మూడు వేలు దాచారు. నాకు అంత గట్టిగా ఎప్పుడూ ఏడుపు రాలేదు, నడిరోడ్డు మీద అసలే రాలేదు. ఆయన కంగారుపడి నా బ్యాగు పట్టుకున్నారు. దారం ఊడి పట్టీ చేతికొచ్చింది.

బ్యాగు – 450. నేను వద్దన్నాను. ఆయన కొనేశారు.

జూన్ 18, బుధవారం

గొడవ. మంచి గొడవ, చాలాకాలం తరువాత. ఆయనకి నెలకి ఎంత తిరిగి ఇవ్వాలన్న దాని మీద. ఏమీ ఇవ్వొద్దంటారు. అలా కుదరదన్నాను. పోనీ అసలు ఇవ్వు, వడ్డీ వద్దన్నారు. బ్యాంకు మీకిచ్చిన ఆరు శాతం నేనూ ఇస్తానన్నాను. చివరికి తేలిందేమిటంటే నెలకి అయిదు వేలు, ఇద్దరి పేర్ల మీదున్న ఖాతాలో. వడ్డీ సంగతి తరువాత తేల్చుకోవాలి. నేను తేల్చే ఉన్నాను.

జూన్ 20, శుక్రవారం

ఇరవయ్యో తారీఖు. సాయంత్రం తలుపు కొట్టిన చప్పుడైతే ఉలిక్కిపడ్డాను. పక్కింటావిడ. కత్తిపీట కావాలట.

బస్సు – 20. టీ – 10. ఇంకో టీ – 10.

జూన్ 22, ఆదివారం

తమ్ముడు వచ్చాడు. నేను పిలవలేదు, అత్తగారు ఫోన్ చేయించిందట. వాడి నంబరు ఆవిడకెలా దొరికిందో, ఆవిడ ఫోన్ వాడెలా ఎత్తాడో తెలియదు. వాడు వచ్చేసరికి ఆవిడ పళ్ళు పెట్టుకుని కూర్చుని ఉంది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. బయటికి వచ్చేసరికి వాడు ఒక కాగితం మీద రాస్తున్నాడు, నెలకి మూడు వేలు అని, కింద తారీఖు, సంతకం. ఆయన వాడి పక్కన కూర్చుని కొత్త షాపు సంగతులు అడుగుతున్నారు, ఏ ఫోన్లు ఎక్కువ పాడవుతాయని. వాడు జీతంలోంచి తీసిన రెండు వేలు ఇచ్చాడు. నేను తీసుకున్నాను. వద్దులేరా అనలేదు. పాత నేనైతే అనేదాన్ని.

ఛార్జరు బాగానే పనిచేస్తోంది. అది కూడా రాయాలి కదా.

జూలై 1, మంగళవారం

జీతం – 19,000. ల్యాబు ఓనరు ఇంటి వెనక గదిలోకి మారింది. కిటికీ పెద్దది, వెలుతురు బాగుంది.

డబ్బా బల్ల మీద పెట్టి ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. ఎంతొచ్చింది, ఎంత పోతుంది, ఎంత మిగులుతుంది, ఇద్దరివీ పైకి చెప్పుకున్నాం. ఆయన జీతం ఎంతో నాకు మొదటిసారి తెలిసింది. నేననుకున్నదానికంటే తక్కువ. నాది ఎంతో ఆయనకి తెలిసింది. అనుకున్నదానికంటే ఎక్కువేనట, నా బ్యాగు చూసి అంచనా వేశారు మరి. ఈ నెల నుంచి సగం సగం కాదు, ఎవరికొచ్చిందాన్ని బట్టి వాళ్ళు. నా పదకొండు వేలు తొమ్మిదయింది. ఆ లెక్క వేసింది నేనే, కాబట్టి పౌరుషం అడ్డు రాలేదు.

అత్తగారు చివరిదాకా విని పళ్ళు పెట్టుకోకుండానే నవ్వింది.

జూలై 2, బుధవారం

బస్సు – 20. టీ – 10.

పొద్దున ఆయన గుమ్మం దగ్గర కొత్త బూట్లు తొడుక్కుంటున్నారు. నేను వెనకాల నిలబడ్డాను. నా కొత్త బ్యాగులో మూడొందల నలభై ఉన్నాయి, లెక్కపెట్టుకునే వచ్చాను. అయినా నోరు తెరవడానికి కొంచెంసేపు పట్టింది. మా అమ్మ అలాగే నిలబడేది.

"ఏమండీ, ఒక వంద ఉంటే ఇస్తారా?" అన్నాను.

ఆయన తలెత్తి చూశారు. ఒక బూటు లేసు కట్టి ఉంది, ఇంకోటి కట్టలేదు. జేబులోంచి వంద తీసి ఇచ్చారు. మళ్ళీ లేసు కట్టుకోబోయారు, పాత అలవాటు.

"ఎందుకో అడగరా?"

"ఎందుకు?" అన్నారు.

చెప్పాను.

ఈ పుస్తకంలో వచ్చింది రాయడానికి గడి లేదు, ఖర్చుల కిందే రాస్తున్నాను.

ఆయన్ని అడిగి తీసుకున్నది – 100.